గిలక చప్పుడు

2019 జనవరి 9, బుధవారం

నీళ్లు తక్కువ వాడిన నేరానికి మనిషిని కోర్టుకు ఈడుస్తారని బీరూట్‌లో చదువుకున్నప్పుడు నాకు ఎవరూ బోధించలేదు. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు భూగోళం చెప్పాను. వాళ్లకూ నేను చెప్పలేదు.

లాయరు తిర్జా తడిసిన బూట్లతో వచ్చి వంటింటి బల్లమీద కాగితాలు పరిచింది. 1948కి ముందు ఈ ఇల్లు ఒక యూదు ధర్మసంస్థది. నాన్న దీన్ని అద్దెకు తీసుకున్నప్పుడు నగరం తూర్పు సగం జోర్డాన్ చేతిలో ఉంది; అరవైఏడు యుద్ధంలో అదీ యూదుల ప్రభుత్వానికి పోయింది. ఇప్పుడు హక్కుపత్రం అరబ్బుల పేటల్లో యూదులను స్థిరపరిచే ఒక సెటిలర్ల సంఘం చేతికి వచ్చింది. మనుషులు నివసిస్తున్నంతకాలం పాత అద్దెదారులను కదిలించడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని, నేనిక్కడ నివసించడమే లేదని వాళ్లు దావా వేశారు. రుజువు నా నీటి బిల్లు.

"మేడమ్, ఇంట్లో పిల్లి ఒక్కటే ఉన్నా ఇంతకన్నా ఎక్కువ నీళ్లవుతాయి," అంది తిర్జా.

"పిల్లులు బావిలోంచి తోడుకోవు," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. వంటింటి మూలన, గిలక కింద ఉన్న ఇనుప మూత ఎత్తి చూపించాను. డాబా మీద పడిన వానంతా ఇంటి కింద ఉన్న ఈ బావిలోకే దిగుతుంది. నలభైఎనిమిది యుద్ధంలో, నగరం పడమటి వైపున్న కతమోన్ పేట నుంచి ఒక్క బట్టల పెట్టెతో పారిపోయి వచ్చిన వేసవిలో నగరమంతా గొంతెండిపోయింది. అప్పుడు అమ్మ పెట్టిన నియమం ఇది: కుళాయి నీళ్లు తాగడానికి మాత్రమే. గిన్నెలకు, బట్టలకు, నేలకు, మొక్కలకు చేద వేయవలసిందే. అమ్మ పోయింది. నియమం పోలేదు.

"మరి పోయిన చలికాలం? వారాల తరబడి మూసి ఉన్న మీ కిటికీల ఫోటోలు వాళ్ల దగ్గర ఉన్నాయి."

"నా చెల్లెలికి ఆపరేషన్ అయింది. చెక్‌పోస్టు అవతల, బేత్ జాలాలో దాని పక్కన ఉన్నాను. అందుకు కోర్టు అనుమతి తీసుకోవాలా?"

తిర్జా 'బేత్ జాలా' అని రాసుకుని కింద గీత గీసింది. మంచి లాయరు. ఏది రాసుకోవాలో ఆమెకు తెలుసు.

జనవరి 11

చెల్లెలి కొడుకు ఫిరాస్ ఫోను చేశాడు. నుహాకు జబ్బు తిరగబెట్టిందట. ఈసారి కాలేయానికి పాకిందట. "పెద్దమ్మా, అమ్మ నిన్ను చూడాలంటోంది."

నుహా ఎప్పుడూ అంతే. చిన్నప్పుడు ఒళ్లు వెచ్చబడితే చాలు, బొమ్మలు ఎవరెవరికి ఇవ్వాలో చెప్పి పడుకునేది.

జనవరి 14

సందు చివరి పచారీ కొట్టు అబూ రజబ్‌కు అప్పుడే అంతా తెలిసిపోయింది.

"టీచరమ్మా, కుళాయి తిప్పి వదిలెయ్యండి. రాత్రీ పగలూ పారనివ్వండి. వాళ్లకు కావలసింది బిల్లేగా? బిల్లుతో కొట్టండి మొహాన!"

"నీళ్లు పారబోయను."

"ఇల్లు పారబోస్తారా?"

కందిపప్పు తీసుకోకుండానే వచ్చేశాను.

జనవరి 20

ఇవాళ కుళాయి తిప్పాను.

కింద పళ్లెం పెట్టాను. నిండింది. బకెట్టు పెట్టాను. నిండింది. బట్టల తొట్టి పెట్టాను. అదీ నిండాక ఇక పెట్టడానికి పాత్ర లేదు. నీళ్లు సరాసరి తూములోకి పోతుంటే స్టూలు మీద కూర్చుని చూశాను. శుభ్రమైన నీళ్లు, తళతళలాడుతూ. ఎవరో నన్ను నడివీధిలో బట్టలు విప్పమన్నట్టు అనిపించింది.

కట్టేశాను. నేను ఇక్కడ ఉన్నాను. దీనికి దొంగ రుజువు అక్కర్లేదు.

జనవరి 27

కోర్టు పంపిన ఇంజినీరు వచ్చాడు. పెద్దమనిషి, మొరాకోలో పుట్టినవాడు. గడప దగ్గరే బూట్లు విప్పాడు. నా కాఫీ తాగి, ఏలకులు వేసిన కాఫీ తన తల్లి పోయాక మళ్లీ ఇక్కడే తాగానన్నాడు. ఆ తరువాత బావిలోకి గుండు కట్టిన తాడు దించాడు.

ఈ నెలంతా వానలు తెరిపి ఇవ్వలేదు. బావి గొంతుదాకా నిండి ఉంది.

"అమ్మా, రోజూ తోడేవాళ్లుంటే ఇంత నిండుగా ఎలా ఉంటుంది?"

"వాన పడుతోంది కనుక."

"అది నాకు అర్థమైంది. కానీ నేను చూసింది రాయాలి. ఏం చూశాను? నిండు బావి." నిజంగానే బాధపడ్డాడు. నిజంగానే రాశాడు. 'వాడకపు గుర్తులు నిర్ధారించలేము.'

అరవై ఏళ్లకు పైగా బావి నిండాలని మొక్కుకున్నాను. నిండినందుకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఏడవలేదు.

ఫిబ్రవరి 3

పొద్దున బస్సులో బేత్ జాలా వెళ్లి సాయంత్రపు బస్సుకు తిరిగి వచ్చాను. నుహా పసుపు పచ్చగా, దిండులో సగం మునిగిపోయి ఉంది. అయినా నోరు తగ్గలేదు.

"వచ్చావా మహారాణీ! కోట వదిలి ఎలా వచ్చావు?"

"నీ మొహం చూద్దామని."

"చూశావుగా. ఈ రాత్రికి ఇక్కడే పడుకో అక్కా."

"విచారణ అయ్యాక వచ్చి పడుకుంటాను."

నుహా తన పొట్ట మీద చేయి వేసుకుంది. "అప్పటిదాకా ఆగమని దీనికి చెప్పు మరి. నా మాట వినడం లేదు."

లేచి వస్తుంటే నా కోటు చేతి అంచు పట్టుకుంది. ఒక్కొక్క వేలూ విడదీయవలసి వచ్చింది. ఫిరాస్ బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలే ముందు అన్నాడు: "పెద్దమ్మా, అది రాళ్లు. ఇది మా అమ్మ."

వాడికేం తెలుసు? వాడు ఆ ఇంట్లో ఆఖరిసారి అడుగుపెట్టినప్పుడు పాలపళ్లు కూడా ఊడలేదు. ఆ తరువాత ఇటు రావడానికి సైన్యం పర్మిట్లు, మధ్యలో కాంక్రీటు గోడ. వాడి దృష్టిలో అది రాళ్లే.

నుహా బాగానే ఉంది. కొంచెం చిక్కింది, అంతే.

ఫిబ్రవరి 5

తిర్జా: "మనకు పొరుగు సాక్ష్యం కావాలి. అబూ రజబ్ మాట చెల్లదు, మీ మనిషి అంటారు. గోడకు అవతల ఎవరుంటారు?"

"సెటిలర్లు."

"ఆ ఇంటావిడ పేరు?"

"తెలియదు. తెలుసుకోను."

తిర్జా కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మేడమ్ నజ్లా, నా కొడుకు ఇప్పుడు బేత్‌లెహేమ్ చెక్‌పోస్టులో యూనిఫాం వేసుకుని నిలబడి ఉన్నాడు. ఫిరాస్ లాంటివాళ్లను ఆపేది వాడే. నేను ఇంటికి వెళ్లి వాడికి వండిపెడతాను, పొద్దున లేచి మీ కేసు చదువుతాను. గడప దాటడం ఎంత కష్టమో నాకు చెప్పకండి. దాటండి."

ఫిబ్రవరి 6

వెళ్లను.

ఫిబ్రవరి 7

వెళ్లను. ఇన్నేళ్ల జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదు. పెళ్లి చేసుకోమన్నప్పుడు మామయ్యల మాటకూ తల వంచలేదు. ఇప్పుడు మొదలుపెట్టేది ఆ గడప దగ్గరా?

ఫిబ్రవరి 10, ఆదివారం

వెళ్లాను.

తుపాకీ పెట్టుకున్న కాపలావాడు నా చేతిసంచి వెతికాడు. నా సందులో, నా సంచి. తలుపు తీసిన మనిషి చంకలో పసివాడు, నెత్తిన గుడ్డ, మోచేతుల దాకా పిండి. ఎనిమిదేళ్లుగా వాళ్ల పాటలు, పిల్లల కొట్లాటలు, శుక్రవారం సాయంత్రం బల్లలు జరిపే చప్పుడు గోడలోంచి నాకు తెలుసు. ముఖం దగ్గరగా చూడటం ఇదే.

"అయ్యో, గిలక అమ్మ!" అంది.

"ఏమన్నావు?"

"మా పిల్లలు మీకు పెట్టిన పేరు. తెల్లారకముందే మీ గిలక కిర్రుమంటుంది, మా చిన్నది లేచి కూర్చుంటుంది. దానికి కాస్త నూనె పెట్టకూడదా అమ్మా?"

"నూనె నీళ్లలో పడుతుంది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ హీబ్రూ రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంది."

"నీ అరబిక్ వినిపించు."

"నాకు రాదు."

"అయితే వార్తలే విను." నిలబడే చెప్పాను. కుర్చీ చూపించింది, కూర్చోలేదు. "నేనా ఇంట్లో ఉంటున్నానో లేదో నీకు తెలుసు. కోర్టులో అడిగితే చెబుతావా?"

పసివాణ్ని ఇంకో చంకకు మార్చుకుంది. పేరు హోదయా అని అప్పుడు చెప్పింది. "మా నాయనమ్మ ఈ సందులోనే పుట్టింది. ముప్పైఆరులో అరబ్బులకూ యూదులకూ జరిగిన అల్లర్లలో కట్టుబట్టలతో పారిపోయింది. చచ్చిపోయేదాకా ఈ మెట్ల గురించే చెప్పేది, ఏ మెట్టు విరిగిందో కూడా. మీరు ఈ ఇల్లు వదిలి వెళ్లాలనే నేను రోజూ ప్రార్థిస్తాను. మీ దగ్గర దాచడమెందుకు?"

"నేను కతమోన్‌లో పుట్టాను. నలభైఎనిమిదిలో నేనూ పరుగెత్తాను. మా ఇంట్లో ఇప్పుడొక పళ్ల డాక్టరు ఉంటున్నాడు. మీ నాయనమ్మ ఇల్లు అడగడానికి ఒక చట్టం ఉంది. మా ఇల్లు అడగడానికి నాకు లేదు."

పసివాడి చొక్కా సర్దింది. "అది ఎవరికీ నచ్చే సంగతి కాదు. కానీ రాసింది నేను కాదు."

"నిన్ను చట్టం గురించి అడగడానికి రాలేదు. అబద్ధం చెబుతావా, చెప్పవా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "దొంగసాక్ష్యం మాకు మహాపాపం. అడిగినదానికి జవాబు చెబుతాను. అడిగినంతవరకే."

కృతజ్ఞతలు చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పే ఉంటాను. మర్యాద మరిచిపోయే మనిషిని కాను.

ఫిబ్రవరి 11

అబూ రజబ్: "వాళ్ల గడప తొక్కారట! మీరు, టీచరమ్మ! రేపు వాళ్ల పిల్లలకు లెక్కలు కూడా చెబుతారేమో."

"నేను చెప్పేది భూగోళం."

"అదే, దేశపటంలో మనం ఎక్కడున్నామో వాళ్లకు చూపించండి."

నవ్వు రాలేదు. అతనికీ రాలేదు. పోయినేడు అతని తమ్ముడి ఇల్లు కూల్చారు, అనుమతి లేకుండా కట్టాడని. అడిగితే ఇవ్వని అనుమతి.

ఫిరాస్ మళ్లీ ఫోను చేశాడు. విచారణ అయ్యాక అన్నాను.

ఫిబ్రవరి 20

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

హోదయా నెత్తిన కొత్త గుడ్డ కట్టుకుని వచ్చింది. తిర్జా అడిగింది: పక్కింట్లో మనిషి అలికిడి వినబడుతుందా? "రోజూ. తెల్లారకముందే గిలక చప్పుడు. ఆ తరువాత దగ్గు. ఆ తరువాత రేడియో. శనివారాల్లో కూడా." సంఘం వాళ్ల బెంచీ మీద ఎవరో గట్టిగా ఊపిరి విడిచారు. ఆమె అటు చూడలేదు. ఆ క్షణంలో నేను ఆమెను గౌరవించాను.

అప్పుడు అవతలి లాయరు లేచాడు. పోయిన చలికాలం కూడా రోజూ వినబడిందా?

ఆమె నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"లేదు. కొన్ని వారాలు వినబడలేదు. మా చిన్నది ఎండ వచ్చేదాకా పడుకునేది. ప్రాణం హాయిగా ఉండేది, అందుకే గుర్తుంది."

గదిలో నవ్వారు. ఆమె నవ్వలేదు.

జడ్జి కూడా వయసు మళ్లిన ఆడమనిషే. నా వయసు చూసి రాజీ ప్రతిపాదించింది. బతికున్నంతకాలం నేను ఆ ఇంట్లో ఉండవచ్చు. నా తరువాత ఎవరికీ హక్కు లేదు. అయితే ఇంట్లో నిజంగా నివసించాలి. వరుసగా ఒక వారం దాటి రాత్రిళ్లు బయట ఉంటే ఖాళీ చేసినట్టే లెక్క.

"కతమోన్‌లో మా ఇంటి సంగతి ఏ కోర్టు వింటుంది?" అని అడిగాను.

"ఈ కోర్టుకు ఆ అధికారం లేదు అమ్మా," అంది. గొంతులో కాఠిన్యం లేదు. కాఠిన్యం ఉంటే సులువుగా ఉండేది.

సంతకం పెట్టాను. బయట హోదయా నా కోసం నిలబడి ఉంది. "మీ ఫోను నంబరు ఇవ్వండి. ఒంటరి మనిషి. ఎప్పుడైనా పడిపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నేను పడిపోను."

నంబరు మాత్రం ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు.

ఫిబ్రవరి 22

గెలిచాను.

అబూ రజబ్‌కు చెప్పాను. సంచిలో కమలాపళ్లు ఊరికే వేశాడు. "బతికున్నంతకాలమా? జైలు శిక్ష కూడా అలాగే వేస్తారు టీచరమ్మా," అన్నాడు.

ఫిరాస్‌కు చెప్పాను. నా తరువాత హక్కు వాడిదే కావలసింది. క్షమించమన్నాను. "పెద్దమ్మా, ఆ ఊళ్లో అడుగుపెట్టడానికే నాకు పర్మిట్ లేదు. వారసత్వం పోయిందని ఏడవమంటావా? అమ్మ నిన్న నన్ను గుర్తుపట్టలేదు. నువ్వెప్పుడొస్తున్నావో అది చెప్పు."

వానలు ఆగాక వస్తానన్నాను. మోకాలు బాగాలేదు.

మార్చి 4

గెలిచాను. ఇల్లంతా తుడిచాను.

మార్చి 12

ఈస్టరు ముందరి ఉపవాసకాలం నిన్న మొదలయింది. ఫిరాస్ ఫోనులో ఏమీ అడగలేదు. ఫోను నుహా నోటి దగ్గర పెట్టాడు. ఊపిరి వినబడింది. చాలాసేపు విన్నాను. కుండ అడుగున గరిటె గీస్తున్నట్టు.

నుహా ఎప్పుడూ అంతే అని రాయబోయాను.

మార్చి 13, బుధవారం, బేత్ జాలా

వచ్చాను. ఒక్క రాత్రికి సరిపడా బట్టలు తెచ్చుకున్నాను. రేపు మొదటి బస్సుకు వెళ్లిపోతాను.

మార్చి 15

నుహా నన్ను గుర్తుపట్టింది. "కోటకు తాళం వేశావా?" అంది.

ఇక్కడ కుళాయిలో నీళ్లు వారానికి ఒకసారే వస్తాయి. డాబా మీది ట్యాంకు అడుగంటింది. ఒక్క చెంబు నీళ్లతో దాని ఒళ్లు తుడిచాను. అది నాకు చేతనైన పని. రేపు వెళ్తాను.

మార్చి 16

రేపు.

మార్చి 18

తిర్జా ఫోను చేసింది. "మేడమ్, ఎక్కడున్నారు? మీ కిటికీలు మూసి ఉన్నాయని వాళ్లు అప్పుడే రాసుకున్నారు. వారం దాటకముందే, బుధవారం రాత్రికి మీరు ఇంట్లో ఉండి తీరాలి. ఒక్క రాత్రి చాలు, మళ్లీ వెళ్లవచ్చు. అర్థమైందా?"

అర్థమైంది. బుధవారం పొద్దున వెళ్లి, ఆ రాత్రి అక్కడ పడుకుని, గురువారం వచ్చేస్తాను. ఇందులో కష్టమేముంది? ఒక్క రాత్రి.

డాక్టరు వచ్చి వెళ్లాడు. ఎన్నాళ్లని అడిగాను. నాళ్ల లెక్క కాదు, గంటల లెక్క అన్నాడు.

మార్చి 20, బుధవారం

బస్సు దగ్గరికి వెళ్లాను. మొదటి బస్సు కిక్కిరిసి ఉంది. రెండోది వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. మూడోదాంట్లో సీటు ఖాళీ ఉంది. డ్రైవరు తలుపు తెరిచి ఆగాడు. "ఎక్కు తల్లీ, ఎక్కు, వెనకాల బండ్లున్నాయి!" అన్నాడు. మోకాలు లేవలేదు.

అబద్ధం. మోకాలు బాగానే ఉంది.

తిరిగి నడిచి వచ్చాను. ఫిరాస్ తలుపు తీసి నా సంచి అందుకున్నాడు. రెండో చేత్తో నా చేయి పట్టుకుని లోపలికి నడిపించాడు. వాడు నా చేయి పట్టుకోవడం అదే మొదటిసారి. నేను విడిపించుకోలేదు.

నాన్న ఆ ఇంటికి అద్దె కట్టినంతకాలం, నుహాతో 'అక్క ఉంది కదా, ఇల్లు ఉంటుంది' అనేవాడు. ఉంచాను. ఇవాళ్టి దాకా ఉంచాను.

మార్చి 21, గురువారం

పొద్దున హోదయా ఫోను చేసింది. వెనకాల పిల్లలు పండగ వేషాల కోసం కొట్టుకుంటున్నారు.

"అమ్మా, పడిపోయారా?"

"లేదు. చెల్లెలి దగ్గర ఉన్నాను."

"ఇప్పుడే సంఘం మనిషి వచ్చి వెళ్లాడు. గిలక వినబడిందా అని అడిగాడు. రాత్రి, ఇవాళ పొద్దున, మొన్న, అన్నీ అడిగాడు."

"ఏమన్నావు?"

పిల్లల మీద ఒకసారి అరిచింది. ఆ తరువాత గొంతు చిన్నదైపోయింది. "వినబడలేదన్నాను. ఎన్నాళ్లుగా అని అడిగాడు. చెప్పాను. కాగితం మీద సంతకం పెట్టాను."

"సరిగ్గా చెప్పావు."

"నేను ప్రార్థించింది ఇదే," అంది. ఏడుస్తోంది. "ఇదే అడిగాను దేవుణ్ని. నాకెందుకు ఇలా ఉంది?"

ఆమె పిల్లల పేర్లు అడిగాను. ఎనిమిదేళ్లలో ఎన్నడూ అడగలేదు. చెప్పింది. చిన్నదాని పేరు రినా అట.

గదిలోకి వెళ్లేసరికి నుహా కళ్లు తెరిచి ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తడిగుడ్డతో అద్దాను. నీళ్ల రుచి తెలిసినట్టుంది, నా వైపు తిరగడానికి ప్రయత్నించింది. దాని కింద చేయి పెట్టి తిప్పాను. ఏమీ బరువు లేదు.

"ఏ బస్సుకు వెళ్తున్నావు?" అంది.

"వెళ్లడం లేదు."

నా ముఖంలోకి చూసింది. జబ్బు తినగా మిగిలిన తెలివంతా ఆ కళ్లలో ఉంది.

"మరి ఇల్లో, అక్కా?"

"కొంచెం జరుగు," అన్నాను. "నేనూ పడుకుంటాను."